మ్యూట్‌లో నరసక్క మాట

ఈ రోజు మా పంచాయతీ ఆఫీసులో సోలార్ పార్కు విస్తరణ మీద ఆన్‌లైన్ ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగింది. కెమెరా, మైకు బిగించి, ఊరంతా ఫోన్లలో చూసేలా లైవ్ పెట్టింది నేనే. మా మైకు మాత్రం మ్యూట్‌లో ఉంచి, మా వంతు రాగానే తామే తెరుస్తామన్నారు పైఅధికారులు.

గొర్రెలు మేపే నరసక్క లేచి, పార్కు వాళ్లు కంచె వేసి మూసేసిన మేతదారి గురించి గొంతెత్తి చెప్పింది. మైకు తెరవమని నేను చెయ్యెత్తిన గుర్తు నొక్కుతూనే ఉన్నాను. తెరమీది అధికారి “అభ్యంతరాలేవీ రాలేదు, ధన్యవాదాలు” అని సభ ముగించేశాడు.

“నేను చెప్పింది ఆ సారు ఇన్నాడాప్పా?” అంది నరసక్క.

“లేదక్కా, మన మాట ఆడికి పోనేలేదు.”

“మరి గొర్లను ఇడ్సిపెట్టి నన్నెందుకు రమ్మంటిరి?”

నేను వైర్లు చుట్టుకున్నాను. మీ ఊళ్లోనూ దీన్ని ప్రజాభిప్రాయమనే అంటారా?