కొంగు పోగు

కామారెడ్డిలో మా ఆఫీసు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టిన రోజు, ఇంత చదువుకుని ఇదేం పిచ్చి అని అందరి ముందూ దులిపేశాను. నోరు పెద్దదే నాది.

ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో పోయి రావాలి. ఏడాది నిండని మా పాపను పక్కింటి పెద్దమ్మ చూసుకునేది. ఆమెకు పిల్లలు లేరు. బీడీలు చేస్తున్నదల్లా చాట పక్కన పెట్టి, పొగాకు వాసన పోయేదాకా చేతులు కడుక్కుని, పాపకు అన్నం తినిపించేది. ఎంత ముద్దుగున్నవే అంటూ ముఖంలోకే చూసి మురిసిపోయేది.

ఒకసారి పాపకు మూడు రోజులు జ్వరం వదల్లేదు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మందు వేస్తూనే ఉన్నాను. మూడో రోజు పెద్దమ్మ బీడీల చాట చంకన పెట్టుకుని వచ్చి, పాప పక్కన కాసేపు కూర్చుని వెళ్ళింది. ఎవరి కళ్ళు పడ్డాయో వాళ్ళ కాళ్ళ కింది మట్టిని ఉప్పు, మిరపకాయల్లో కలిపి దిష్టి తీయాలని మా అమ్మ చెప్పేది. వాకిలంతా సిమెంటు. అయినా పెద్దమ్మ అడుగు పడ్డ చోట కూర్చుని గోటితో గీకుతున్నాను. మరిచిపోయిన చాట కోసం ఆమె వెనక్కి వచ్చింది.

నా రెండో చేతిలో ఉప్పూ మిరపకాయలూ ఉన్నాయి. ఇక ఆమెకు చెప్పేదేముంది? ఏదో వెతుకుతున్నానని అబద్ధమాడబోయాను. అంత నోరున్నదాన్ని, పిడికిలి వెనక్కి దాచుకున్నాను.

ఆమె తన కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి నా చేతిలో పెట్టింది.

"సిమెంటు మీద మట్టి యాడ దొర్కుతది బిడ్డా? గీ పోగు కలిపి తియ్యి. పిల్ల మంచిగైతే సాలు," అన్నది.

తల కొట్టేసినట్టయింది. వద్దు పెద్దమ్మా అనాల్సింది. అనలేదు. ఆమె గేటు దాటగానే పాప చుట్టూ తిప్పి, నీళ్ళు కాచే పొయ్యిలో వేశాను కూడా. ఛీ, ఏం మనిషిని నేను!

జ్వరం తగ్గింది. మందుకే తగ్గి ఉంటుంది. సోమవారం మళ్ళీ పాపను ఆమెకే ఇచ్చాను, ఇంకెవరున్నారు నాకు? ఎప్పటిలాగే ఎత్తుకుంది గానీ, ముఖం పక్కకు తిప్పుకుంది. పాప ఊరుకుంటుందా! రెండు చేతులతో ఆమె చెంపలు పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది.

"బస్సు పోతది బిడ్డా, నువ్వు నడువు," అన్నది, కళ్ళు తెరవకుండానే.

నేను పోయి బస్సెక్కాను.