సువార్తమ్మ చెంబు షికారు

మా పేటలో ఆడది ఇల్లు దాటితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. బిందెనో, సంచినో, చంకలో బిడ్డనో, ఆదివారమైతే బైబిలో. వట్టి చేతులు ఊపుకుంటూ నడిచిందా, అయిపోయింది! అరుగుల మీది ముసలివాళ్ళ దగ్గర్నుంచి రిక్షావాళ్ళ దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "యాడికి పోతాండావ్?" దానికి "ఊరికే" అని జవాబు చెప్పే ధైర్యం డెబ్బైల నాటి నంద్యాలలో ఏ ఆడదానికీ లేదు. సువార్తమ్మకు అసలే లేదు.

సువార్తమ్మ మా పక్కింటి టీచరు. ఎనభైల్లో హెడ్మిస్ట్రెస్ కూడా అయింది, ఎంతోమందికి అక్షరాలు దిద్దించింది. అయినా మా పేటలో ఆమెను తలచుకుంటే ముందుగా గుర్తొచ్చేది మాత్రం చెంబే. ఏం చేస్తాం, జనం నోళ్ళు అలాంటివి.

ఆమె పుట్టింది ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో. తండ్రి నతానియేలు ఉపదేశి. కొండ కింది పల్లెలన్నీ కాలినడకన తిరిగి ప్రార్థనలు జరిపేవాడు. తల్లి లేని పిల్లను ఇంట్లో వదల్లేక వెంట తిప్పుకున్నాడు. దారిలో కనబడిన ప్రతి చెట్టు పేరూ, పిట్ట పేరూ చెబుతూ నడిచేవాడట. అలా పెరిగిన మనిషి పెళ్ళయి వచ్చి ఎక్కడ పడింది? ముందు గదిలో అత్త లూదియమ్మ, వంటింట్లో పొగ, బడి నిండా పిల్లల గోల. భర్త ఆనందరావు గుమస్తా. మంచివాడే, కానీ అమ్మకు ఎదురు చెప్పడం ఆయనకు పుట్టుకతోనే రాలేదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇది నాది అని చెప్పుకోవడానికి ఆమెకు కాస్త వ్యవధి కూడా ఉండేది కాదు.

ఒకసారి జ్వరంతో ఉన్న తోటి టీచరును చూసి వస్తూ, దగ్గరి దారి కదా అని కాలువ గట్టు ఎక్కింది. పేటకు అంత దగ్గరలో అలాంటి చోటు ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియనే తెలియదు. కానుగ చెట్ల నీడ. ఒక పక్క నిండుగా పారే నీళ్ళు, ఇంకో పక్క వరిమళ్ళు, తూర్పున నల్లమల కొండలు. నీళ్ళ మీదికి వంగిన కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. అది నీళ్ళలోకి దూకి చేపతో పైకి లేచేదాకా ఈమె కదల్లేదు. నాయన చెయ్యి పట్టుకుని నిలబడినట్టే అనిపించిందక్కా అని తర్వాత నాతో చెప్పింది.

మర్నాడు తెల్లవారగానే మళ్ళీ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గడపలో లూదియమ్మ నిలబడి ఉంది.

"యాడికి పోయింటివి?"

"ఊరికే అత్తా, కాలవ గట్టు దాకా."

"ఊరికేనా? సంసారం చేసే ఆడదానికి ఊరికే తిరిగే పనులేందే? నలుగురూ ఏమనుకుంటారు?"

వీధిలో అందరూ విన్నారు. సువార్తమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఏదో పాడుపని చేసి దొరికిపోయినదానిలా ఎన్నాళ్ళో తల వంచుకుని బడికి వెళ్ళి వచ్చింది.

తర్వాత ఒకనాడు పాలకని చెంబు తీసుకుని బయలుదేరింది. కాళ్ళు ఊరుకుంటాయా, గట్టు వైపే లాగాయి. చిత్రం! ఆ రోజు ఒక్కరూ పలకరించలేదు. రిక్షా గురవయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అరుగు మీది గోవిందమ్మ కొంగు సర్దుకుంటూ లోపలికి పోయింది. పొద్దున్నే చెంబుతో చెట్లచాటుకు పోయే ఆడదాన్ని ఎక్కడికని అడగడం మర్యాద కాదు కదా! సంగతి అర్థమయ్యాక సువార్తమ్మకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. అయినా మరునాడు చెంబులో నీళ్ళు కూడా పోసుకుని మరీ బయలుదేరింది. ఇంట్లో మురుగు వాసన పడడం లేదని అత్తకు సాకు చెప్పింది.

ఆ పొద్దుటి పూటలు ఆమెకు ప్రాణంతో సమానం. చెంబును కానుగ చెట్టు మొదట్లో పెట్టేసి తూము దాకా నడిచేది. తుమ్మచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుకుంటుంటే, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత అల్లాయో చూసేది. మనిషి అలికిడి ఉండేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు ముఖం కడిగినట్టుండేది. పిల్లల మీద అరవడం కూడా తగ్గించిందని బడిలో చెప్పుకున్నారు.

ఈ ఎత్తంతా బాగానే ఉంది గానీ ఒక్కచోట బెడిసింది. ఆ ఇంట్లో కక్కసు దొడ్డి ఉంది! అది కట్టించినప్పుడు లూదియమ్మ వీధి వీధికీ చెప్పుకుని మురిసింది. ఆడవాళ్ళు కొళాయి దగ్గర మొదలుపెట్టారు.

"ఇంట్లోనే దొడ్డి పెట్టుకోని అంత దూరం పోతాందంటే ఏందే కత?"

"పోయినామె బేగా రాదు గూడా. ఎండ పొడిచినంక వస్తాది."

"అయ్యో పాపం, మొలలేమోనే!"

అంతే. మర్నాటికి పేటంతా ఖాయం చేసేసింది. ఒకావిడ కందగడ్డ పంపింది, ఇంకొకావిడ కరక్కాయ పొడి పంపింది. లూదియమ్మ కూడా మెత్తబడి, కోడలు కూర్చునే చోట బొంత మడిచి వేసింది. అవుననలేక, కాదనలేక, సువార్తమ్మ కందగడ్డ కూర తిని నోరు దురద పెడితే మజ్జిగ తాగింది.

ఆదివారం చర్చిలో అయ్యగారు జ్ఞానప్రకాశం గొంతు తగ్గించి, "మన సహోదరి సువార్తమ్మ చెప్పుకోలేని బాధలో ఉంది, ప్రార్థించండి" అన్నారు. చెప్పుకోలేని బాధ అన్నాక ఇక చెప్పడానికి ఏం మిగిలింది! మగవాళ్ళ వైపు నుంచి దగ్గులు వినబడ్డాయి. కూలిపనికి పోయే జీవమ్మ మాత్రం శుక్రవారం శుక్రవారం పస్తుండి, టీచరమ్మ కోసం మోకాళ్ళూని కన్నీళ్ళతో ప్రార్థన చేసిందట. అది విన్న రోజు సువార్తమ్మ చెంబును అటక మీదికి ఎక్కించింది. గట్టుకు పోవడం మానేసింది.

మానేస్తే మాత్రం ఊరుకున్నారా! "టీచరమ్మ చెంబు పట్టుకోని పోవడంల్యా. నయమైంది, దేవుడు విన్నాడు!" అని సంబరపడ్డారు. అయ్యగారు ఇంటికి వచ్చి, వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా అని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

సాక్ష్యమంటే మా వాళ్ళకు ఆషామాషీ కాదు. సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పాలి. నయమైందంటే దేవుడి ముందు అబద్ధం. నిజం చెబితే నగుబాటు, ఆ పైన అత్త గడప దాటనివ్వదు, ఇక ఈ జన్మకు గట్టు లేదు. "ఏం జేయల్లక్కా?" అని నా దగ్గరికి వచ్చింది. "నయమైందని రెండు ముక్కలు చెప్పి కూర్చో తల్లీ, ఎవరి సొమ్ము పోయింది?" అన్నాను. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

ఆదివారం లేచి నిలబడింది.

"నాకు ఏ రోగమూ రాలే. నాకు నడిచేదంటే ఇష్టం. గట్టు మీద పిట్టల్ని, కొండల్ని చూసుకుంటా నడిచేదానికి పోతాంటి. అడిగితే ఏం చెప్పల్లో తెలీక చెంబు పట్టుకున్యా. మీతో ఉత్త పుణ్యానికి ప్రార్థన చేయించినా. క్షమించండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఇక చర్చంతా నవ్వింది. లూదియమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఆనందరావు పాటల పుస్తకం తెరిచి అందులోకి తల దూర్చాడు.

అప్పుడు జీవమ్మ లేచింది. పస్తుల సంగతి ఎత్తి తిడుతుందని సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. తిడితే బాగుండేది.

"అయితే నువ్వు ఆడ కూచునేదానికి పోలేదా టీచరమ్మా?"

"ల్యా జీవమ్మా. నడిచేదానికే."

"మేం కలుపుకు పోయే దారి అదే గదా. నువ్వు ఆడుంటావని, మేం కనపడితే సిగ్గుపడతావని, ఆడోళ్ళమంతా గట్టు ఇడిసిపెట్టి కింద కంపలో బడి పోతాండాం. నీకు నయమైందని తెలిసినా, మళ్ళ తిరగబెడ్తాదేమోనని ఇంకా అట్లే పోతాండాం. నా కోడలికి ముల్లు దిగి కాలు చీము పట్టింది. ఇంకా పనికి లేస్తల్యా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సువార్తమ్మకు అప్పటిదాకా ఉన్నది సిగ్గే కాదనిపించింది. కాలి కింద నేల చీలితే అందులోకి పోయేదాన్నక్కా అని ఆ సాయంత్రం నాతో అంది.

జీవమ్మ ఇంకా కూర్చోలేదు. ఇంకో మాట అడగాలా వద్దా అన్నట్టు అయ్యగారి వైపు ఒకసారి చూసి, అడిగింది.

"రేపట్నుంచి మేం గట్టు మీద పోవచ్చా టీచరమ్మా?"

పోవచ్చు అని చెప్పడానికి సువార్తమ్మ నోరు తెరిచింది. ఆ మాట చెప్పడానికి తానెవరు? జీవమ్మ జవాబు కోసం ఎదురు చూస్తూ అలాగే నిలబడి ఉంది. సువార్తమ్మ చేతుల్లో ముఖం పెట్టుకుని అందరి ముందూ భోరుమంది.