చికోరీ లేని కాఫీ మీద ఫిర్యాదు

మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా వచ్చిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే వేళకు నన్ను దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలకు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. జనం ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఈ ఉద్యోగంలో ముందు అరిగిపోయేది నమ్మకం. పెళ్లి భోజనంలో పులిహోర మరీ పచ్చగా కనిపిస్తే పక్కకు నెట్టే స్థితికి నేను అప్పటికే వచ్చాను.

చేరిన కొద్దిరోజులకే ఒక ఫిర్యాదు వచ్చింది. ఇచ్చినావిడ రాజ్యలక్ష్మి గారు, ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో కాఫీ గింజలు వేయించి పొడి పట్టి అమ్మే ఎస్తేరు అనే ఆమె, పొడిలో చింతగింజలు కలుపుతోందని ఆరోపణ.

"ఏళ్ల తరబడి అక్కడే కొంటున్నామండీ. ఈమధ్య డికాక్షన్ చిక్కగా దిగట్లేదు. నోట్లో పోసుకుంటే పులుపు. ఏదో కలిపేస్తోంది" అన్నారామె. ఆ మాట అప్పటికే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. అక్కడి నుంచి చుట్టుపక్కల వాళ్లకు పాకింది.

నేను వెళ్లేసరికి ఎస్తేరు దుకాణంలో ఒక్క గిరాకీ లేదు. మిషను మాత్రం తళతళలాడుతోంది. కబురు ముందే అందిందేమో, అందుకే తుడిచిపెట్టిందేమో అనుకున్నాను.

"కలుపుడెందుకు సార్? చికోరీ వద్దని ఆ మేడమే అన్నది. పల్చగ ఒస్తదని చెప్పిన, ఇనలే" అంది ఎస్తేరు.

చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని వేయించి, పొడి చేసి కాఫీలో కలుపుతారు. కలపడం నేరం కాదు, కలిపిన సంగతి దాచడం నేరం. అయితే 'వాళ్లే అడిగారు సార్' అనని దుకాణదారును నేను సర్వీసులో చూడలేదు. అందుకే ఆమె మాటను పెద్దగా పట్టించుకోలేదు. నోటీసు ఇచ్చి, సాక్షి ఎదుట ఆ మేడం కొనే రకం పొడే కొని, నాలుగు భాగాలు చేసి సీలు వేశాను. ఒక భాగం ప్రభుత్వ ల్యాబుకు పోతుంది, మిగిలినవి పై అధికారి దగ్గర ఉంటాయి. సీలు వేస్తుంటే ఆమె మెల్లగా అంది: "కేసైతే షట్టర్ ఖాళీ చెయ్యమన్నడు సార్ ఓనరు. ఈ పేరు పడ్డంక నాకు ఇంకెవ్వరు కిరాయికి ఇయ్యరు."

రిపోర్టు వచ్చేదాకా ఆగడమే పద్ధతి. కానీ కాఫీలో పులుపంటే ఏమిటో నాకే తెలియదు. మాది చాయ్ ఇల్లు. ఆ సాయంత్రమే ఒక స్టీలు ఫిల్టరు కొన్నాను. వేరే దుకాణంలో నా కళ్లెదుటే గింజలు పట్టించి, చికోరీ విడిగా తీసుకున్నాను. చింతగింజలు ఇంట్లోనే బాణలిలో వేయించాను. వంటింటి నిండా పొగ. మా ఆవిడ సుజాత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చాయ్ తాగే మనిషికి ఉన్నట్టుండి కాఫీ మీద పానమెందుకు పోయింది? ఎవరు నేర్పిండ్రు?" అంది. ఉద్యోగం పని అని చెప్తే అసలు నమ్మలేదు.

పాలు, చక్కెర లేకుండా తాగితే మొదట్లో అన్నీ చేదే. వేడి మీద నాలుకకు ఏమీ అందదని, గోరువెచ్చగా అయ్యాక తాగాలని కొన్నాళ్లకు తెలిసింది. అప్పుడు చికోరీ కలిపినదాంట్లో మాడిన బెల్లప్పాకం వాసన, నాలుక మీద బరువు తెలిశాయి. చింతగింజల నీళ్లు జిగటగా పెదాలకు అంటుకున్నాయి. వట్టి కాఫీ పల్చగా దిగింది, మింగాక మామిడి ఒరుగు లాంటి సన్నని పులుపు మిగిలింది. మామూలు గిరాకీలా మనిషిని పంపి ఎస్తేరు దగ్గర అదే రకం పొడి తెప్పించి తాగాను. అదే పులుపు. జిగట లేదు. నాలుక సాక్ష్యం చెల్లదు కనుక నోరు మూసుకుని రిపోర్టు కోసం ఎదురుచూశాను.

కల్తీ లేదని, చికోరీ కూడా లేదని రిపోర్టు వచ్చింది. రాజ్యలక్ష్మి గారికి చూపిస్తే కళ్లజోడు సవరించుకుని చదివారు.

"పొడి తీసింది మీరే, పంపింది మీరే. రిపోర్టుదేముందండీ?" అన్నారు.

సర్వీసంతా ఎదుటివాళ్లను అనుమానించినవాణ్ణి. నన్ను అనుమానిస్తే ఒళ్లు ఇంత మండుతుందని అప్పుడే తెలిసింది. కోపం దిగమింగి, చికోరీ వద్దన్నది మీరేనా అని అడిగాను.

"అవునండీ, ఒంటికి మంచిది కాదని వీడియోలో చూశాను. అయినా ప్యూరు అడిగితే ఇంకా చిక్కగా దిగాలి కదా?"

చిక్కు అక్కడుంది. ఆ ఇంట్లో తరాలుగా చిక్కదనమే మంచి కాఫీకి గుర్తు. ఆ చిక్కదనం ఇచ్చేది చికోరీ అని ఎవరికీ తెలియదు.

కాగితాల మీద ఫిర్యాదు ముగిసినట్టే. దుకాణం మాత్రం ఖాళీగానే ఉంది. అందుకని ఆవిడ వంటింట్లోనే, ఆవిడ ఫిల్టర్లతోనే, ఎస్తేరు వట్టి పొడికీ, చికోరీ కలిపిన పొడికీ ఆవిడ భర్త చేత డికాక్షన్ తీయించాను. నేను హాల్లోంచి కదలలేదు. గ్లాసుల అడుగున గుర్తులు పెట్టిందీ ఆయనే. చల్లారాక ఆవిడ రెండూ రుచి చూసి, ఒకదాన్ని ముందుకు జరిపారు.

"ఇదీ కాఫీ అంటే. రెండోదాంట్లో కలిపారు."

భర్త గ్లాసు ఎత్తి చూపించారు. ఆవిడ మెచ్చుకున్నది చికోరీ కలిపినది. "మీరే మార్చేశారు" అని ఆయన మీద విరుచుకుపడ్డారు. రెండు ఫిల్టర్లూ కడిగి, మళ్లీ స్వయంగా వేసుకుని, గుర్తులు కూడా తామే పెట్టుకుని తాగారు. ఈసారీ చికోరీ గ్లాసునే ముందుకు జరిపారు. సాయంత్రానికి గ్రూపులో 'పొడి మంచిదేనని రిపోర్టు వచ్చింది' అని మాత్రం పెట్టారు. తర్వాత నుంచి చికోరీ కలిపిన పొడే కొనుక్కున్నారట. గిరాకీలు మెల్లగా తిరిగొచ్చారు. షట్టరు నిలిచింది.

ఆ తర్వాత ఎవరు ఫిర్యాదు తెచ్చినా, నమూనా తీసేముందు 'ఈమధ్య మీరేం మార్చారు?' అని అడగడం అలవాటు చేసుకున్నాను.

రిటైరయ్యాక ఒకరోజు ఎస్తేరు దగ్గరికి వెళ్లి చికోరీ లేని పొడి అడిగాను. గుర్తుపట్టింది, కుర్చీ వేసింది. గింజలు మిషన్లో పోసేముందు ఫోను తీసి నా ముందు పట్టుకుంది.

"ఏమనుకోకుండ్రి సార్. చికోరీ వద్దని మీ నోటితోని జర చెప్పుండ్రి, రికార్డు చేసుకుంట. అందరికీ గిట్లనే."

చెప్పాను. ల్యాబు రిపోర్టు సరుకు సంగతి తేలుస్తుంది. ఒకసారి అనుమానానికి గురైన మనిషికి పాత ధీమా తిరిగి తెచ్చివ్వడం దాని చేతిలో లేదు.