మనిషిని చూసి గాలి

మా ఇంట్లో సైకిల్‌కు గాలి కొట్టే పని నాది. మా ఆయన ఉప్పల్ నుంచి నాచారంలోని మందుల కంపెనీకి సన్నటి టైర్ల రేసు సైకిల్ మీద వెళతాడు. బస్సుంది, బండి ఉంది, అయినా అదే కావాలి. పొద్దున ఆయన గడప దగ్గర ప్రార్థన చేసుకుంటుంటే నేను పంపు కొడతాను. ఆమెన్ అనేలోపు రెండు టైర్లూ అయిపోవాలి.

లెక్క నేర్పింది ఆయనే. "గాలి రోడ్డును సూసి కాదు, మనిషిని సూసి కొట్టాలె. బరువున్నోనికి ఎక్కువ, బక్కోనికి తక్కువ." ఎనభై నాలుగు కిలోల మనిషికి వెనక ఎనభై, ముందు డెబ్బై అయిదు. పంపు మీది ముల్లు అక్కడికి రాగానే ఆపాలి. మించితే సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద జారుతుంది.

ఈ వానాకాలం ఇంటికి రాగానే చేతులు విదిలించుకోవడం మొదలుపెట్టాడు. "రోడ్డు మస్తు ఖరాబైంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నయ్" అనేవాడు. ఒకరోజు మలుపులో జారిపడి మోచేయి గీరుకుపోయింది. అప్పుడూ రోడ్డునే తిట్టాడు. నేనూ నాలుగు కలిపాను. తిట్లలో నేనెవరికీ తీసిపోను.

మందు రాద్దామని చొక్కా విప్పిస్తే భుజాల ఎముకలు పొడుచుకొచ్చి ఉన్నాయి. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బెజ్జం. రోజూ చూసే కంటికి తెలియలేదు.

"బరువు సూసుకున్నవా?"

"గంతే ఉన్న, ఎనభై నాలుగు. నీకేం ఫికర్?"

కంపెనీ గోడౌన్లో డ్రమ్ములు తూచే కాటా ఉంది. దాని మీద అందరూ సరదాగా నిలబడతారు, ఎవరు లావెక్కారో చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ కబుర్లు ఈ మధ్య ఇంటికి రావడమే లేదు. మా మామగారు కూడా ఇలాగే చిక్కిపోతూ, దవాఖానాకు పోకుండా దాచిపెట్టి, చివరికి పోయారు. కొడుకు అదే దారి పట్టాడని నాకు మండిపోయింది. భయం అంతకన్నా ఎక్కువ.

అడిగితే మళ్లీ అబద్ధమే చెబుతాడు. మర్నాడు ప్రార్థన అవుతుండగా వెనక డెబ్బైకి, ముందు అరవై అయిదుకే ఆపేశాను.

సైకిలెక్కి వీధి చివరిదాకా పోయి, వెనక్కి వచ్చాడు.

"గాలి ఎంత కొట్టినవ్?"

"ఏం, మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. మెత్తగ పోతుంది." అంటూనే ఆయన మొహం పాలిపోయింది. తను నేర్పిన లెక్కే కదా.

"తక్కువే కొట్టిన. నిన్ను సూసే కొట్టిన."

సైకిల్ దిగాడు. "పన్నెండు కిలోలు తగ్గిన," అన్నాడు. "నాకు భయమైతుంది."

సైకిల్ గోడకు ఆనించి ఆటో పిలిచాను. దవాఖానాలో నర్సు కాటా ఎక్కమంది. ఆయన బూట్లు విప్పి, నా చెయ్యి పట్టుకునే ఎక్కాడు. చెయ్యి వదిలితే గానీ బరువు సరిగ్గా రాదని ఆమె కసిరింది. ఆయన వదిలేశాడు. నేనే వదలలేకపోయాను.