కరెంటు తాగిన ముద్దాయి

చెంచురామయ్యగారికి ముద్దాయి దొరకనిదే ముద్ద దిగదు. ఇల్లందులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, పెనుబల్లి దగ్గర మా ఊరొచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఒంటిమీద ఖాకీ పోయింది గాని బుర్రలో ఖాకీ పోలేదు. లోకంలో ఏం జరిగినా దాని వెనక ఒక ముద్దాయి ఉండి తీరాలని ఆయన నమ్మకం. పాలు విరిగితే "విరిగినయా?" అని అడగరు, "ఎవరు విరగ్గొట్టిండ్రు?" అని అడుగుతారు. వాన రాకపోతే మబ్బుల వంక అనుమానంగా చూస్తారు. ఊళ్ళో అందరూ ఆయన్ని హెడ్డుగారనే పిలిచేవాళ్ళు.

నేను ఆ ఊరి బడిపంతుల్ని. వెంకటరామారావుగారి ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. హెడ్డుగారి కేసులన్నింటికీ సాక్షిని నేనే. "పంతులూ, జల్ది రా, సాచ్చెం కావాలె" అని కేకేస్తే, కంచం ముందు కూర్చున్నా లేవక తప్పేది కాదు.

ఒకసారి ఊళ్ళో పుల్లమ్మగారి ఇత్తడి చెంబు పోయింది. హెడ్డుగారు ఇల్లంతా గాలించి, గడ్డివాములోంచి దాన్ని బయటికి తీశారు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే, "ముద్దాయి కుక్క. నోట కరుసుకొచ్చి ఈడ దాసింది" అని తేల్చారు.

"కుక్కకు చెంబెందుకండీ?" అన్నాను.

"దప్పికైంది."

ఇంకోసారి మా బడి కిటికీ అద్దం పగిలింది. పక్కనే పిడికెడంత రాయి పడుంది. హెడ్డుగారు అద్దం ముక్కలను వాసన చూసి, "ఎండకు పగిలింది. ముద్దాయి సూర్యుడు" అన్నారు.

"మరి ఈ రాయి?"

"పగిలింది గదా, చూసిపోదామని వచ్చుంటది."

ఇన్నేళ్ళు సర్కారు ఈయనకు జీతమెందుకిచ్చిందా అని మేం చాటుగా పొట్టలు పట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

అట్లాంటి మనిషి చేతికి అంబాసిడర్ కేసు వచ్చింది. తొంభైల మొదట్లో మాట. వెంకటరామారావుగారిది కృష్ణాజిల్లా నుంచి వచ్చి మా దగ్గర భూములు కొన్న కుటుంబం. ఆయనకో మీగడరంగు అంబాసిడర్ ఉండేది, దానికి గోప్యా డ్రైవరు. ఆ ఎండాకాలం ఆ కారుకు ఏం రోగమొచ్చిందో, మధ్యాహ్నం భోజనాల వేళకు శుభ్రంగా ఇంటికొచ్చి షెడ్డులో పడుకున్న బండి మర్నాడు పొద్దున లేచేది కాదు. తాళం తిప్పితే ముసలి మూలుగొకటి మూలిగి ఊరుకునేది.

"బ్యాటరీ దిగింది సార్" అన్నాడు గోప్యా.

హెడ్డుగారు చెవులు నిక్కించారు. "దిగిందా? ఏడ దిగింది? ఎవరు దింపిండ్రు?"

సత్తుపల్లి పంపించి చార్జింగ్ పెట్టించారు. రెండ్రోజులు బాగుండి మళ్ళీ దిగింది. అక్కడి మెకానిక్ చూసి, "బ్యాటరీ మంచిదే, బండిలో ఏదో కరెంటు తాగుతోంది" అన్నాడు. ఏది తాగుతోందో మాత్రం చెప్పలేకపోయాడు. ఇక పొద్దున్నే ఊరి మగాళ్ళందరికీ బండి తొయ్యడమే పనైపోయింది. పట్టుపంచె కట్టుకుని పెళ్ళికి బయల్దేరిన రావుగారు కూడా ఒకరోజు దిగి తోశారు. పంచె అంచు బంపరుకు చిక్కుకుని చిరిగింది. అప్పట్నుంచి ఆయన కోపానికి పట్టపగ్గాల్లేవు.

దానికి తోడు కారులో పొగవాసన. రావుగారు రెండూ కలిపి లెక్క తేల్చేశారు. "ఇది గోప్యాగాడి పనే. లైటు వేసుకుని బండిలో కూర్చుని బీడీలు కాలుస్తున్నాడు. అడిగితే నిజం చెప్పడు. రేపు అశ్వారావుపేటలో పామాయిల్ మీటింగుంది. పొద్దున బండి స్టార్టయ్యిందా సరేసరి, లేదా తాళాలిచ్చేసి వెళ్ళిపొమ్మనండి."

గోప్యా హెడ్డుగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తండాలో కారు నడిపే పని దొరికింది అతనికొక్కడికే. పెళ్ళాం ద్వాలి ఆ సంగతి చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

"నేను బీడీ ముట్ట సార్. సేవాలాల్ మహరాజ్ మీద ఒట్టు. పని పోతే పోయె, కూలికి పోత. అబద్ధాలోడన్న పేరు మోసుకొని తండాకు ఎట్ల పోవాలె?"

హెడ్డుగారి మొహంలో ఎప్పుడూ లేని ఎరుపు వచ్చింది. "ఏడువకు. ఇయ్యాల పొద్దు గుంకకముందే ముద్దాయిని పడ్త. పంతులూ, పద!"

ఆ మధ్యాహ్నమే బ్యాటరీకి చార్జింగ్ పెట్టించి తెచ్చి బిగించారు. హెడ్డుగారు డాష్‌బోర్డులోంచి ఒక చిట్టి బల్బు పీకించారు. బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, ఆ సందులో ఈ బల్బును కట్టించారు. "ఇది మన వేగు. బండి మొత్తం బంద్ జేసినంక గూడ ఎవడన్న కరెంటు తాగుతుంటే ఇది వెలిగి చెప్తది" అన్నారు. అది సత్తుపల్లి మెకానిక్ దగ్గర అడిగి తెలుసుకున్న ఉపాయం. 'వేగు' అన్న పేరు మాత్రం ఆయన సొంతం.

బల్బు వెలగలేదు. అయినా హెడ్డుగారు వదలరే! ఒక్కొక్క తీగా పీకి విచారణ మొదలుపెట్టారు. "హారన్ నిర్దోషి. ఒర్రుతది గాని తాగదు." హెడ్‌లైట్ల ముందు గొంతుక్కూర్చుని, "కండ్లు పెద్దగున్నయని అనుమానపడ్డ, మంచోళ్ళే. విడుదల" అన్నారు. వైపరును మాత్రం కాసేపు గద్దించారు. అసలు వెలగని బల్బును పట్టుకుని ఎవర్ని విచారిస్తే ఏం లాభమని నాకు విసుగొచ్చింది. కాళ్ళు పీకుతుంటే కాస్త కూలబడదామని ముందు సీటు ఎడమవైపు తలుపు తీశాను.

"పంతులూ! కదలకు!"

బల్బు వెలిగింది! పైకి చూస్తే, కారు లోపల నెత్తిమీద ఉండే చిన్న దీపం మిణుకుమిణుకుమంటోంది. తలుపు తీస్తే వెలగడం, వేస్తే ఆరడం దాని పని. పట్టపగలు చూడబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు. హెడ్డుగారు తలుపును పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా వేశారు. టిక్కుమంది. చూడ్డానికి మూసినట్టే ఉంది గాని బల్బు ఆరలేదు. తుంటితో ఒక్క తోపు తోశారు. ఇంకో టిక్కు. బల్బు ఆరిపోయింది.

"దొరికె!" అని ఎగిరి గంతేశారు. "మెల్లగ వేస్తే సగమే పడుతున్నది పంతులూ! రాత్రంత దీపం కరెంటు తాగుతున్నది. పొద్దున మనం బండి తోసేటప్పుడు ఈ తలుపు మీదనే చేతులు ఆనిస్తిమి. అది గట్టిగ పడిపాయె. రుజువును రోజూ మనమే మూస్తిమి!"

గోప్యా కూర్చునేది కుడివైపు. రావుగారు కూర్చునేది వెనక. మరి ఈ తలుపు తీస్తున్నదెవరు? హెడ్డుగారు సీటు కింద చెయ్యిపెట్టి తడిమి, ఒక చుట్టపీక బయటికి తీశారు. దాన్ని ఎండలోకి పట్టి తిప్పి తిప్పి చూశారు. చూసేకొద్దీ ఆయన హుషారు తగ్గింది. నా చేతికిచ్చారు.

"కాలిన దిక్కు చూడు."

కాలిన వైపే పంటిగాట్లున్నాయి. అడ్డచుట్ట! మా వైపు ముసలమ్మలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. మగాళ్ళెవరూ అట్లా కాల్చరు. ఆ ఇంట్లో అడ్డచుట్ట కాల్చే మనిషి ఒక్కరే, రావుగారి తల్లి బుల్లెమ్మగారు. దగ్గు ముదిరిందని డాక్టరు మానమంటే, రావుగారే చుట్టల కట్ట పెంటలో పారేశారు. "మా అమ్మ ఒక్కమాటతో మానేసింది" అని ఊరందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు కూడా. నేను తలెత్తి చూస్తే, వంటింటి కిటికీలోంచి బుల్లెమ్మగారు పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని మావైపే చూస్తున్నారు. హెడ్డుగారు పీక తీసుకుని జేబులో వేసుకున్నారు.

సాయంత్రం పొలం నుంచి రావుగారు వచ్చేసరికి బండి తోసేవాళ్ళంతా షెడ్డు ముందు చేరారు. హెడ్డుగారి భార్య పున్నమ్మగారు కూడా వచ్చారు. హెడ్డుగారు తలుపు తీసి, వేసి, బల్బు వెలిగించి, ఆర్పి చూపించారు. జనం ఈలలేశారు.

"బాగానే ఉంది. ఆ తలుపు తీసిందెవరు?" అన్నారు రావుగారు.

"ఈసారి పిల్లి అంటాడు చూడు" అని ఎవరో కిసుక్కుమన్నారు.

హెడ్డుగారు జేబులో పీకను తడుముకున్నారు. కుక్క మీదా సూర్యుడి మీదా కేసు పెట్టినంత తేలిక కాదిది. వంటింటి కిటికీ దగ్గర కొంగు కదిలింది. ఇవతల గోప్యా చేతిలో తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. హెడ్డుగారు మడమలు కలిపి నిటారుగా నిలబడ్డారు.

"నేను."

"మీరా? మరి పొగవాసన?"

"నాదే." జేబులోంచి పీక తీసి చూపించారు. "మా పున్నమ్మకు తెల్వకుండ మధ్యాహ్నం పూట మీ బండిల కూసొని పీకుతున్న."

"ఏందీ?" అని పున్నమ్మగారు వేసిన కేకకు షెడ్డు రేకులు అదిరాయి.

హెడ్డుగారు బెదరలేదు. "దెబ్బ పడకుండ ఒప్పుకున్న ముద్దాయి నా సర్వీసుల ఇదే మొదటిది. గోప్యా మీది కేసు కొట్టేసినట్టేనా, రావుగారూ?"

రావుగారు కోప్పడదామనుకుని నవ్వేశారు. గోప్యా భుజం మీద చెయ్యివేసి, "తొందరపడ్డానురా. తాళాలు నీ దగ్గరే ఉంచు" అన్నారు.

మర్నాడు పొద్దున అలవాటుకొద్దీ చేతులు రుద్దుకుంటూ వచ్చినవాళ్ళకు పని లేకపోయింది. తాళం తిప్పీ తిప్పగానే అంబాసిడర్ గర్జించింది. గోప్యా హారన్ కొట్టుకుంటూ ఊరంతా ఒక చుట్టు తిప్పి, తండా మీదుగా అశ్వారావుపేట దారి పట్టాడు. ద్వాలి రోడ్డుకు అడ్డమొచ్చి మరీ చూసిందట.

దుమ్ము సర్దుకున్నాక నేను హెడ్డుగారిని అడిగాను. "బుల్లెమ్మగారి పేరు చెప్తే ఏమయ్యేది? కన్నకొడుకు ఓ మాటంటే మాత్రం ఏం?"

"అనడు పంతులూ, నవ్వుతడు. ఊరంత నవ్వుతది. ఆ వయసుల ఆమెను నవ్వులపాలు జేస్తమా?"

నాకు తల తిరిగింది. "అయితే పుల్లమ్మగారి చెంబు..."

"కొత్తకోడలు అలిగి దాసింది. పేరు జెప్తే కాపురం చెడుతది. కుక్కకేం జెడుతది?"

"మా బడి అద్దం?"

"పోరగాడెవడో నాకెర్కే. నీ చేతిల బెత్తమున్నది గదా!"

ఆ రోజు నుంచి హెడ్డుగారిని చూసి నేను చాటుగా నవ్వలేదు. ఆయన ముందే, ఆయనతో కలిసి నవ్వేవాణ్ణి. నాకాయనంటే ప్రాణం.

బుల్లెమ్మగారితో ఆయన రాజీ కుదుర్చుకున్నారు. "పెద్దమ్మా, దినానికి ఒక్కటే. తలుపు మాత్రం గట్టిగెయ్" అన్నారు.

"గట్టిగా వేస్తే చప్పుడవుద్ది నాయనా. అబ్బాయి లేస్తాడు" అన్నారామె.

దానికీ ఆయనే ఏర్పాటు చేశారు. రోజూ మధ్యాహ్నం ఆమె పని కానిచ్చుకుని పెరటిదారిన లోపలికి వెళ్ళేదాకా షెడ్డు బయట పహరా కాసేవారు. ఆ తర్వాత తలుపును ధన్‌మని వేసేవారు. కునుకు చెడిన రావుగారు లోపల్నుంచి "ఎవరదీ?" అని అరిచేవారు.

"నేనే రావుగారూ! ముద్దాయిని!"