చిన్నాయన ముఖం తెలిసిన కాకులు

మా కాటన్‌పేట ఇంటి మిద్దె మీద వాలే కాకులకు మా చిన్నాయన ముఖం తెలుసు. తెలుసు అంటే వందమందిలో నిలబెట్టినా ఏరి పట్టుకునేంతగా తెలుసు. ఒకసారి తలపాగా లేకుండా, ఉత్త పంచెతో ఆయన వీధిలోకి వస్తే, ఏళ్ల తరబడి ఆయనతో బేరాలాడిన ఎదురంగడాయన కూడా "ఎవురప్పా, ఏం కావాల?" అని అడిగాడు. కాకులు ఎప్పుడూ అలా పొరబడలేదు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ కలిసి వేరుశనగ కాయల టోకు వ్యాపారం చేసేవారు. వీధి వైపు అంగడి, వెనక ఇల్లు, పైన మిద్దె. వానకు తడిసిన మూటలు విప్పి కాయల్ని మిద్దె మీద ఆరబోసేవారు. అక్కడే కాకులతో తగువు మొదలైంది. కాపలా ఉన్న కూలివాడి ముందు ఒక కాకి రెక్క ఈడ్చుకుంటూ నడిచేది. పాపం దెబ్బ తగిలిందేమోనని వాడు దాని వెంట నాలుగడుగులు వేసేలోపు, వెనక నుంచి మిగతావి వచ్చి కావలసినంత పట్టుకుపోయేవి. వాడు తిరిగి చూసేసరికి ఆ కుంటి కాకి కూడా చక్కగా ఎగిరిపోయేది. మూడు రోజులు వరసగా అదే కాకి, అదే ఆట, అదే కూలివాడు.

నాకు పదేళ్లుంటాయి, యాభైల తొలి ఏళ్లలో ఒక ఎండాకాలం. చిన్నాయన కోపం పట్టలేక ఇటుక ముక్క విసిరి ఒక కాకిని చంపాడు. అంతటితో ఆగలేదు. దాని కాళ్లకు పురికొస కట్టి, వెదురు గడకు తలకిందులుగా వేలాడదీసి, మిద్దె మధ్యలో నిలబెట్టాడు.

"ఉండనీ. దీన్ని చూసి బుద్ధి తెచ్చుకుంటాయి" అన్నాడు.

తెచ్చుకున్నాయి. ఆయన అనుకున్న బుద్ధి మాత్రం కాదు. పేటలో ఉన్న కాకులన్నీ వచ్చాయేమో, పిట్టగోడ నల్లబడిపోయింది. పొద్దు వాలేదాకా ఒకటే గోల. తర్వాత ఎవరో చెప్పినట్టు అన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి. కాసేపు అలాగే కూర్చుని లేచిపోయాయి. మరునాడు మా నాయన ఆ కాకిని గడ మీద నుంచి దింపి పెరట్లో పూడ్చాడు. "పాపం కదప్పా" అని తమ్ముడితో ఒక్క మాటన్నాడు. "నీకు అన్నీ పాపాలే" అన్నాడు చిన్నాయన.

ఆ రోజు నుంచి చిన్నాయన మిద్దె ఎక్కితే చాలు, ఒక కాకి కేకేసేది, పది వచ్చేవి. తల మీద తన్ని పోయేవి. తలపాగా రెండుసార్లు పక్కింటి దొడ్లో పడింది. చివరికి ఆయన మండుటెండలో గొడుగు వేసుకుని మిద్దె ఎక్కడం మొదలుపెట్టాడు. వీధిలో వాళ్లు తలెత్తి, "ఏమప్పా, మీ మిద్దె మీద మాత్రం వాన పడతాండాదా?" అని అడిగేవాళ్లు. అమ్మను గానీ నన్ను గానీ కాకులు ఏమీ అనేవి కావు. గొడుగు వచ్చాక తన్నడం మానేసి, ఆయన కనబడగానే లేచి ఎదురు మిద్దె మీదకు పోయి కూర్చునేవి. కాయలు మాత్రం మునుపటిలాగే పోతూ ఉండేవి, ఆయన లేని వేళ చూసి.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, కాకులకు ఆయన మీద పగ ఉందని మాకు అందరికీ తెలుసు. నవ్వుకున్నాం కూడా. అలా నవ్విన వాళ్లమే తర్వాత ఎంత తెలివి తక్కువగా నడుచుకున్నామో అందుకే చెప్పాలి.

మా ఇళ్లలో ఆడపిల్లలను బడికి పంపే అలవాటు లేదు. నాయనే అంగడి కట్టేశాక నాకు అక్షరాలు, ఎక్కాలు నేర్పాడు. ఆ వానాకాలం ఆయనకు రొమ్ము జబ్బు పట్టుకుంది. మాట్లాడితే ఆయాసం. పక్కవీధిలో ఒక టీచరమ్మ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో పాఠాలు చెప్పే క్రైస్తవురాలు. నాయన ఆమెను పిలిపించి, సాయంత్రాలు వచ్చి నాకు చదువు చెప్పమని అడిగాడు. మెట్ల గది నీడలో, మిద్దె మీద మా బడి. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. రోజూ పది వాక్యాలు రాయాలి. కళ్లతో చూసిందే రాయాలి, ఎవరో చెప్పగా విన్నది రాయకూడదు.

మిద్దె మీద చూడటానికి కాకులు తప్ప ఏమున్నాయి? కాకులనే రాశాను. కుడికాలి వేలు వంకరపోయిన కాకి ఒకటి ఎండిన రొట్టెను తొట్టిలో ముంచి, మెత్తబడ్డాక తింటుందని రాశాను. అదే కాకి ఒక కాయను పెంకు కింద దాచి, ఇంకో కాకి చూసిందని తెలిసి, అది ఎగిరిపోయాక తీసి వేరే చోట దాచిందని రాశాను. తినేటప్పుడు ఒకటి తినకుండా కాపలా కాస్తుందని రాశాను. టీచరమ్మ అది చదివి, "మన మనుషుల్లో అలా తినకుండా నిలబడేవాళ్లు ఎందరున్నారే పాపా?" అని నవ్వింది.

కార్తీకంలో నాయన పోయాడు.

పదోరోజు కర్మ ఊరికి దూరాన నది ఒడ్డున జరిగింది. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి అన్నీ చిన్నాయనే చేశాడు. అక్కడ కాకులు పిండం పెట్టీ పెట్టగానే వాలి తిన్నాయి. "అన్న మనసులో ఏమీ పెట్టుకోలేదు" అని చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఏడుపు నిజమైనదే. ఆ మాట చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను.

మొదటి మాసికం ఇంట్లో పెట్టారు. చిన్నాయన కాకి ముద్దను ఆకులో పెట్టుకుని మిద్దె మీదకు వెళ్లాడు. కర్మ చేసేటప్పుడు గొడుగు పనికిరాదు కదా, అందుకని ఆ రోజు గొడుగు లేదు. ముద్ద పిట్టగోడ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి నిలబడి, "కా, కా" అని పిలిచాడు. ఎదురు మిద్దె మీద పాతిక కాకులు కూర్చుని ఆయనను చూశాయి. ఒక్కటీ కదల్లేదు. వంకర వేలి కాకి ఇటు ఒకసారి, అటు ఒకసారి మెడ తిప్పి గట్టిగా అరిచింది. అంతే.

గంట గడిచింది. కాకి తింటే గానీ ఎవరూ తినకూడదు. పురోహితుడు మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకున్నాడు.

"మనసులో ఏదో కోరిక ఉండాది పెద్దాయనకు" అన్నాడు ఆయన. "ఏమైనా మాట ఇచ్చి చూడండి."

చిన్నాయన ఒకటొకటే ఇచ్చాడు. అన్నా, అంగడి బాగా చూసుకుంటా. రాలేదు. అన్నా, వదినకు ఏ లోటూ రానీయను. రాలేదు. అప్పుడాయన మెట్ల గదిలో ఉన్న నా పలకను, పుస్తకాలను చూశాడు.

"నది కాడ తిన్నాడు, ఇంట్లో తినడంలే" అన్నాడు. "ఇంట్లో ఏముండాది అక్కడ లేనిది? ఆ టీచరమ్మ. మతం కానామె దినామూ వచ్చి ఈ మిద్దె మీదనే కూర్చుంటాండాది. అందుకే అన్నకు మనసు ఒప్పడంలే."

ఎంత తర్కం! అక్కడ లేనిది, ఇక్కడ ఉన్నది అని అంత దూరం వెతికిన మనిషికి, ఇక్కడ తనను ఎరిగిన కాకులున్నాయనీ, అక్కడ ఎరగని కాకులున్నాయనీ తట్టలేదు. ఆయనకే కాదు. గొడుగు చూసి నవ్విన ఇరుగుపొరుగుకూ తట్టలేదు. మామూలు రోజుల్లో కాకి ఒట్టి కాకి. తద్దినం రోజు అది పెద్దవాళ్లు. మధ్యాహ్నానికి మళ్లీ కాకే. ఈ మూడు పూటలా దాని తలలో ఉన్నది ఒకే జ్ఞాపకమని ఇంత పేటలో ఒక్కరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. పదేసి వాక్యాలు రాసి, కాకుల గుట్టంతా నాకే తెలుసని గర్వపడిన నేను, నాయనకు నా మీద కోపమొచ్చిందని నమ్మి, గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చాను.

"అన్నా, రేపటి నుంచి ఆమెను రానీయను" అని చిన్నాయన ఆకాశం వైపు చూసి మాటిచ్చాడు. అప్పటికీ కాకి రాలేదు. అయినా మాట మాటే అట! ముద్దను ఆవుకు పెట్టి అందరూ భోజనాలకు కూర్చున్నారు.

మరునాడు సాయంత్రం టీచరమ్మను గుమ్మంలోనే ఆపేశారు. చిన్నాయన సంగతి చెప్పాడు. ఆమె కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో అధికారులు నా మీద ఫిర్యాదులు రాశారండీ. కాకి రాయడం ఇదే మొదలు" అంది. తర్వాత నా వైపు చూసి, "పది వాక్యాలు మానకు. నన్ను రావద్దన్నారు గానీ నిన్ను చూడొద్దని ఎవరూ అనలేదు కదా" అని వెళ్లిపోయింది.

చదువు అక్కడితో ఆగిపోతుందని నాకు తెలుసు. అమ్మకు అక్షరాలు రావు. చిన్నాయనకు నా చదువు అక్కర్లేదు. వంటింట్లో పొయ్యి ఊదడం నేర్చుకోమన్నాడు. నా దగ్గర మిగిలింది ఆ పదేసి వాక్యాలు రాసిన నోటు పుస్తకమే. కొత్తగా దిద్దేవాళ్లు లేరు కాబట్టి పాతవి తిరగేస్తూ కూర్చునేదాన్ని. అలా చదువుతుంటే ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది. "చిన్నాయన వచ్చాడు. కాకులు పోయాయి." "చిన్నాయన కొత్త కోటు వేసుకుని వచ్చాడు. కాకులు పోయాయి." "అమ్మ వచ్చింది. కాకులు ఉన్నాయి." నా చేత్తో నేనే రాశాను. పద్నాలుగు చోట్ల రాశాను. రాసిందాన్ని చదవడానికి మాత్రం నాకు అంతకాలం పట్టింది.

అమ్మ కందిపప్పు ఏరుతుంటే పోయి చదివి వినిపించాను. ఆమె రాళ్లు ఏరుతూనే విన్నది.

"నాయనకు కోపం లేదమ్మా. కాకులకే ఉండాది" అన్నాను.

"సుమ్నే ఉండు" అంది అమ్మ. కన్నడ ఊళ్లో ఉన్నందుకేమో, ఊరకుండమని చెప్పడానికి మా ఇంట్లో కన్నడ మాటే వాడేవాళ్లం. "ఈ మాట ఎవురికీ చెప్పొద్దు." అంతే. నాకు చాలా కోపమొచ్చింది.

కానీ ఆ నెలంతా అమ్మ రోజూ పొద్దున తాను తినబోయే ముందు పిడికెడు అన్నం పిట్టగోడ మీద పెట్టింది. వంకర వేలి కాకి వారం తిరక్కుండానే ఆమె గాజుల చప్పుడుకే వచ్చి కూర్చునేది.

రెండో మాసికం వచ్చింది. చిన్నాయన ముద్ద ఆకులో పెట్టుకుని మెట్లెక్కబోతుంటే అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"అప్పా, ఒక మాట. మీ అన్న ఏనాడైనా నీకంటే ముందు తిన్నాడా?"

చిన్నాయన ఆగాడు. "లేదు వదినా. నాకు పెట్టినాకనే."

"నది కాడ సంగతి వేరు, ఇది ఇల్లు. నువ్వు ఎదురుగా నిలబడితే ఇప్పుడెట్ల తింటాడప్పా? ఆకు అయ్యవారి చేతికిచ్చి నువ్వు కింద కూర్చో. నీ మీద ఉండే ప్రేమకు ఆయన మొగమాటపడతాండాడు."

కాకులను ఇటుక ముక్కతో లొంగదీయబోయిన చిన్నాయన, పొగడ్తకు తానే ఇట్టే లొంగిపోయాడు. కళ్లనిండా నీళ్లతో కింద చాప మీద కూర్చున్నాడు. మెట్లెక్కేది తప్పినందుకు సంతోషం కూడా లేకపోలేదు.

పురోహితుడు ముద్ద గోడ మీద పెట్టి పక్కకు తప్పుకున్నాడు. అమ్మ మెట్ల గది దగ్గర నిలబడి, కిందికి వినబడేంత గట్టిగా అంది:

"ఏమండీ. పాప చదువు మీరు పెట్టిందే. టీచరమ్మ మళ్లా రావాలనేది మీ మనసులో ఉంటే వచ్చి తినండి."

చేతులు జోడిస్తుంటే గాజులు లేని ఆ చేతుల మధ్య ఒక ఇత్తడి గరిటె కనిపించింది. వంటింట్లో నుంచి ఎందుకు తెచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆ నెలంతా ఆమె దాన్నే గోడకు కొట్టి కాకులను పిలుస్తూ ఉండింది. నేను ఇందాక గాజుల చప్పుడని రాశాను. వయసు మీద పడ్డాక కూడా అమ్మను తలుచుకుంటే నా చెవులకు గాజులే వినపడతాయి. టీచరమ్మ ఉంటే, చూడనిది రాశానని ఆ మాటను కొట్టేసేది.

గరిటె గోడకు రెండుసార్లు తగిలింది. వంకర వేలి కాకి వాలింది. దాని వెనకే ఎనిమిది.

"తిన్నాడు! పెద్దాయన తిన్నాడు!" అని పురోహితుడు మెట్ల మీద నుంచే అరిచాడు, ఆయన ఆకలికి అది పండగ. "టీచరమ్మ మాట అన్నంతనే తిన్నాడప్పా! నా కళ్లతో చూసినా!"

చిన్నాయన ఏమంటాడు? కాకి సాక్ష్యానికి విలువ కట్టింది ఆయనే. గడ్డం గోకి, "చెప్తే విన్నారా మీరు? అన్నకు నేనంటే మొగమాటమని నాకు ముందే తెలుసు" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయనే టీచరమ్మ ఇంటికి మనిషిని పంపాడు.

దేవుడి మీద నాకు ఎన్నడూ అనుమానం లేదు. పోయినవాళ్లకు పెట్టే ముద్ద మీదా లేదు, ఈనాటికీ నేను పెట్టకుండా తినను. పోయినవాళ్ల నోటికి తమ మాటలు అంటగట్టే బతికినవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆ లెక్కన అమ్మ చేసింది కూడా అదే కదా అని, ఆ రోజే భోజనాలయ్యాక ఆమెనే అడిగాను.

"అమ్మా, నిజంగా నాయన తిన్నాడా?"

అమ్మ ఎంగిలాకులు తీస్తూనే అంది.

"నీ చదువు కోసం ఆకలితో ఉండిండేవాళ్లు తిన్నారులే. పో, పోయి పలక కడుక్కో. ఆమె వచ్చే పొద్దయింది."