తెల్లబట్ట పరీక్ష

లాక్‌డౌన్ పెట్టిన కొన్ని వారాలకు మా గోడాదరా ఖాడీలో నీళ్ళు తేటపడ్డాయి. ఖాడీ అంటే ఒకప్పటి వాగు. నేను సూరత్ వచ్చేనాటికే అది బట్టలకు రంగులు వేసే డైయింగ్ మిల్లుల మురుగు కాలువ అయిపోయింది. మిల్లులో ఆ రోజు ఏ రంగు చీరలు వేస్తున్నారో దాని గట్టు మీద నిలబడి చెప్పేయవచ్చు. అలాంటిది అడుగున ప్లాస్టిక్ సంచులు కనబడేంత తేటగా అయ్యేసరికి జనం ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు. భూమాత ఊపిరి పీల్చుకుందట! ఆ ముక్క రాసి ఫొటోలు పంపినవాళ్ళందరూ మిల్లుల జీతం మీద బతికేవాళ్ళే. తప్పనిసరై ఆపిన పనిని భూమాతకు తాము చేసిన దానంలాగా చెప్పుకుని మురిసిపోయారు.

వాళ్ళను వెక్కిరించే ముఖం నాకు లేదు. నేను చేసిన పని అంతకంటే దరిద్రం.

అప్పటికి నేను ఒక మిల్లులో రంగులు కలిపించే కలర్ మాస్టర్‌ని. పదహారేళ్ళ సర్వీసు. మా వరుస గదుల్లో ఉండేవాళ్ళంతా కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మగ్గం పనివాళ్ళు. రంగుల సంగతైనా నీళ్ళ సంగతైనా వాళ్ళ దగ్గర నా మాటకు తిరుగులేదు. ఆ గౌరవం నెత్తికెక్కి చాలాకాలమైంది.

కరోనా అని గల్లీకి అడ్డంగా వెదురు బొంగులు కట్టాక తాగునీళ్ళ ట్యాంకరువాడు భయపడి రావడం మానేశాడు. మిగిలింది ఖాడీ పక్కనున్న చేతిపంపు. ఆ నీళ్ళు పసుపుపచ్చగా వచ్చేవి కాబట్టి ఏళ్ళ తరబడి గిన్నెలు తోమడానికే వాడాం. ఇప్పుడు ఆ పసుపు పోయింది. పక్కగది ఆయన బకెట్ నింపుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జర జూసి చెప్పు. గీ నీళ్ళు తాగొచ్చా?"

నీళ్ళు రంగుకు పనికొస్తాయో లేదో చూడటానికి మిల్లులో తెల్లబట్ట ముక్కను వాటిలో ఉడికించి ఆరబెడతాం. మరక పడకపోతే నీళ్ళు పాస్. గుమ్మం ముందు స్టవ్ పెట్టించి, అందరూ చూస్తుండగా అదే చేశాను. ఆరిన ముక్కను ఎండకు ఎత్తిపట్టుకుని, అటూ ఇటూ తిప్పి, పెద్ద డాక్టరులాగా తలాడించాను.

"మరక లేదు. బేఫికర్ తాగుండ్రి."

ఆ పరీక్ష బట్ట బాగు కోసం. మనిషి కడుపుతో దానికి పనిలేదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. బట్టను మెత్తబరచడానికి కాస్టిక్ సోడాలో ఉడికించాక మిగిలే నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి, చేతి మీద పడితే తోలు లేస్తుంది. పదహారేళ్ళుగా వాటిని కాలువలోకి వదిలింది నేనే. అయినా అంతమంది నా నోటివంక చూస్తుంటే 'నాకు తెలియదు' అనడం నామోషీ అనిపించింది. అంతే, ఇంకే కారణమూ లేదు.

నాలుగో రోజుకు వరుసంతా వాంతులు, విరేచనాలు. మా ఏడేళ్ళ కూతురికి కళ్ళు లోతుకు పోయాయి. కరోనా భయంతో ఒక క్లినిక్‌లో గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. రెండో చోట కాళ్ళావేళ్ళా పడితే సెలైన్ ఎక్కించారు. పిల్ల దాహం దాహం అంటుంటే గ్లాసు పట్టుకోవడానికి నా చెయ్యి రాలేదు.

ఇరుగుపొరుగు నన్ను ఒక్క మాటా అనలేదు. "రోజులే గిట్లున్నయి, మాస్టరన్న ఏం జేస్తడు?" అన్నారు. ఎంత అమాయకులు! తప్పు నాదని చెప్పకుండా నేనూ వాళ్ళతోపాటు రోజులను తిట్టాను. మా ఆవిడ మాత్రం పిల్ల పక్కనుంచి లేవకుండానే, "నువ్వే తాగుమన్నవ్" అంది.

వానాకాలం మొదట్లో మిల్లు తెరిచారు. మొదటి పెద్ద వానకు మురుగు ట్యాంకు నిండితే సేఠ్ గొడుగు కింద నిలబడి, "ఖోల్ దో మాస్టర్, బారిష్ మే సబ్ బహ్ జాయేగా" అన్నాడు. వాన అన్నీ కడిగేస్తుందట. ఆకాశం కూడా తన మిల్లులో కూలిపని చేస్తున్నట్టే ఆయన ధోరణి. నేను ట్యాంకు వాల్వు తిప్పి మురుగును ఖాడీలోకి వదిలాను.

ఇంటికి రాగానే మా ఆవిడ అంగీ వాసన చూసి పట్టేసింది.

"ఇడిసినవా?"

"నేను ఇడువకుంటే ఇంకోడు ఇడుస్తడు."

"ఇంకోడు ఇడిస్తే వాన్ని తిట్టుకుంటుంటి. పిల్ల ఇంకా సక్కగ బువ్వ తింటలేదు, నీకేం గానట్టే ఉన్నది. పిల్లను తీస్కోని తల్లిగారింటికి పోత. నువ్వు ఈడనే ఉండు."

మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకుంది. ఇకమీదట వాల్వు ముట్టనని ఒక్క మాటంటే ఆగేది, నాకు తెలుసు. అనలేదు. స్టేషన్‌కు వెళ్ళి రైలెక్కించడానికి పూట సెలవు కూడా అడగలేదు. భార్యాబిడ్డలు వెళ్ళిపోతుంటే ఆ వేళ నాకున్న భయమల్లా, ఆలస్యమైతే సేఠ్ ఇంకో మాస్టర్‌ని పెట్టుకుంటాడేమోనని.